మూడో గదిలో చెంబు

అరసవల్లిలో ఆటోలు గుడివైపు మలుపు తిరిగే చోట ఛాయా లాడ్జి ఉంది. ఏడు గదులు, పైన డాబా, మెట్ల పక్కన ఒక ముద్దమందారం. యజమాని నరసింగరావు బి.ఏ. చదివాడు. ఆ చదువు లాడ్జి నడపడానికి ఏమీ అడ్డు రాలేదని ఆయన భార్య ఈశ్వరి మెచ్చుకునేది. ఆవిడ పోయాక కూడా మందారం పూయడం మానలేదు. నరసింగరావు పొద్దున్నే తలుపు తీసి ముందు ఆ పువ్వుని చూస్తాడు, తరవాతే పాలపేకెట్టు కోసం వెతుకుతాడు.

పూర్వం గది కావలసినవాళ్లు ఒక పద్ధతిలో వచ్చేవారు. చేతిలో సంచీ కింద పెట్టేవారు కాదు. "ముందు గది సూపించండి" అనేవారు. పరుపు నొక్కేవారు, దిండు వాసన చూసేవారు, కుళాయి తిప్పి ధార ఎంత లావుగా పడుతుందో చూసేవారు. తరవాత బేరం. బేరం కుదరకపోతే మెట్లు దిగి, పిలుస్తాడేమోనని మందారం దాకా చాలా నెమ్మదిగా నడిచేవారు. నరసింగరావు పిలిచేవాడు. ఈలోగా ఏ ఊరు, ఎవరి తాలూకు, పిల్లలు ఏం చేస్తున్నారు అన్నీ తేలిపోయేవి. టీ తాగడం కూడా అయిపోయేది.

ఇప్పుడలా కాదు. మెట్ల కింద నిలబడి ఫోనుకేసి ఒకసారి, లాడ్జికేసి ఒకసారి చూస్తారు, పెళ్లిచూపుల్లో పిల్ల ఫోటోతో సరిపోయిందా లేదా అన్నట్టు. "ఫోటోలో గోడ ఇంకా పసుపుగా ఉందండీ" అంటారు. "వానకి వెలిసింది బాబూ" అని నరసింగరావు ఆ వాన తనే కురిపించినట్టు సంజాయిషీ చెప్పుకుంటాడు. మొన్నొకాయన కౌంటరు ఎదురుగా నిలబడి గది ఉందా అని అడిగాడు. ఉంది, రండి అన్నాడు నరసింగరావు. ఆయన రాలేదు. అక్కడే నిలబడి అదే గదిని ఫోనులో బుక్ చేసుకుని, నరసింగరావు ఫోను టింగుమనేదాకా ఆగి, అప్పుడు లోపలికి వచ్చాడు. "ఎంతైనా ఇదైతే నమ్మకం" అన్నాడు.

లాడ్జిని యాప్‌లో పెట్టింది కూతురు ఝాన్సీ. విజయనగరంలో బ్యాంకు ఉద్యోగం ఆమెది. యాప్‌లో పెట్టకపోతే గదులు ఖాళీగా ఉండిపోతాయంది, నిజమే. పెట్టాక నిండాయి, అదీ నిజమే. చిక్కల్లా ఆ యాప్ ఊరుకోదు, ప్రశ్నలు అడుగుతుంది. అడిగి, కింద 'సరే', 'వద్దు' అని రెండు గడులు చూపిస్తుంది. నరసింగరావు పుట్టి బుద్ధెరిగాక ఎవరి ముఖం మీదా వద్దనలేదు. అంత మర్యాదగా అడుగుతున్నదాన్ని పట్టుకుని వద్దనడం ఆయనకి చేతకాలేదు. పెంపుడు జంతువులు రావచ్చా అంటే సరే నొక్కాడు. ఒకాయన రెండు పుంజులతో దిగి, తెల్లారేదాకా లాడ్జి మొత్తాన్ని మేలుకొలిపాడు. మీ దగ్గర ఈతకొలను ఉందా అంటే సరే నొక్కాడు. ఝాన్సీ వచ్చి తీసేసేదాకా ఛాయా లాడ్జికి ఈతకొలను ఉంది. ఒక కుటుంబం తువ్వాళ్లు భుజాన వేసుకుని దాన్ని డాబా మీద కూడా వెతికింది.

ఏడు గదులున్నా ఆరే యాప్‌లో ఉండాలని ఝాన్సీకి నరసింగరావు గట్టిగా చెప్పాడు. మూడో గది ఉండకూడదు. మూడో గది లక్ష్మణమ్మది.

లక్ష్మణమ్మది నౌపడ అవతల సముద్రపొడ్డు ఊరు. ఇంట్లో మగవాళ్లు వేటకి పోతే ఆవిడ చేపలు అమ్మేది. ఏటా రథసప్తమికి ముందురోజు సాయంత్రం అరసవల్లిలో దిగుతుంది. ఆవిడ బుకింగ్ ఎలాగంటే, బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టినట్టు, వెళ్లేటప్పుడు తన ఇత్తడి చెంబు మూడో గది గూట్లో వదిలి వెళ్తుంది. చెంబు అక్కడుంటే పైయేడు రథసప్తమికి గది ఆవిడది. ఈశ్వరి ఒప్పుకున్న పద్ధతి ఇది. ఈశ్వరి మంచం పట్టిన ఏడాది లక్ష్మణమ్మ గుడికి కూడా వెళ్లకుండా ఆవిడ కాళ్ల దగ్గరే కూర్చుంది. పోయేముందు ఈశ్వరి భర్తకి అప్పజెప్పినవి రెండే: మందారానికి నీళ్లు, లక్ష్మణమ్మకి మూడో గది.

ఈ ఏడు రథసప్తమి ఇంకా వారం ఉందనగా యాప్ నరసింగరావుని అడిగింది. "గిరాకీ చాలా ఎక్కువగా ఉంది. మీ దగ్గర ఇంకో గది ఉంటే చేర్చమంటారా?"

సరే నొక్కాడు. నొక్కాక గాని ఏం నొక్కాడో తెలియలేదు. ఫోను టింగుమంది. బాబీ అట, ఒక గది, రథసప్తమి.

గదులు ఊడ్చి దుప్పట్లు మార్చే ఎల్లాజీ, లాడ్జితో పాటే ముసలివాడవుతున్నవాడు, చీపురు పక్కన పడేసి వచ్చాడు. "ఏటి బావూ, అలగైపోనారు?"

"లక్ష్మణమ్మ గది అమ్మేశాను రా."

"ఓలమ్మో! సెంబుతో సహానా?"

నరసింగరావు ఝాన్సీకి ఫోన్ చేశాడు. "నాన్నా, మళ్ళీ సరే నొక్కావా?" అంది ఝాన్సీ, ఇంకా ఏమీ చెప్పకముందే.

"అడిగింది కదమ్మా."

"అడిగితే! మనం రద్దు చేస్తే యాప్ మనల్ని అట్టడుక్కి తోసేస్తుంది, ఇంకెవరికీ కనిపించం. వచ్చేవాళ్లు వాళ్లంతట వాళ్లు రద్దు చేసుకుంటేనే మనకి ఇబ్బంది లేదు."

"ఎందుకు చేసుకుంటారు?"

"చేసుకోరు. రథసప్తమికి అరసవల్లిలో గది దొరికాక ఎవరైనా వదులుకుంటారా? ఈసారైనా వద్దు నొక్కడం నేర్చుకో నాన్నా, క్యాష్ కౌంటర్ దగ్గర జనం ఉన్నారు" అని పెట్టేసింది.

జరిగింది జరిగినట్టు బాబీకి చెప్పేస్తే పోదా అన్నాడు నరసింగరావు. "నిజం సెప్తే గది ఎవుడిడిసిపెడతాడు బావూ" అన్నాడు ఎల్లాజీ. "ఆడికాడే పారిపోవాలి. లాడ్జి బాగోనేదని సెప్పండి."

నరసింగరావు గొంతు సవరించుకుని బాబీకి ఫోన్ చేశాడు. "ఛాయా లాడ్జి నుంచండీ. మేనేజర్ని." లాడ్జికి మేనేజర్ ఎప్పుడూ లేడు. ఆ మాట అన్నాక కొంచెం ధైర్యం వచ్చింది. "గది బుక్ చేశారు, సంతోషం. కాని మంచాల్లో నల్లులున్నాయండి."

"పరవానేదు సార్. మందు తెస్తాను."

"నీళ్లు కూడా సరిగ్గా రావు."

"ఒక బకెట్టు సాలు సార్. పెద్దోళ్లు ఉంటారు, ఎక్కువ వాడరు."

"పెద్దవాళ్లా! అయితే ఫ్యాను సంగతి చెప్పాలి. ఊగుతుంది. ఎప్పుడు ఊడి పడుతుందో చెప్పలేం."

"సలికాలం కదా సార్. ఎయ్యం."

నరసింగరావు ఫోనుకి చెయ్యి అడ్డు పెట్టి, "కుర్రాడు బంగారం రా" అన్నాడు బాధగా.

"ఓనరుకి పిచ్చని సెప్పీయండి" అన్నాడు ఎల్లాజీ చెవిలో.

"ఛీ."

"లక్ష్మణమ్మ వస్తాది, ఏటి సెప్తారు మరి?"

నరసింగరావు కళ్లు మూసుకున్నాడు. "ఇంకో మాటండీ. మా ఓనరు గారికి భార్య పోయిన దగ్గర్నుంచి మతి సరిగ్గా లేదు. తనలో తను మాట్లాడుకుంటాడు. పువ్వులతో కూడా మాట్లాడతాడు. మనుషులొస్తే అరుస్తాడు." చెబుతుంటే ఆ ఓనరు మీద ఆయనకే జాలి వేసింది.

"అయ్యో," అన్నాడు బాబీ. "అలగైపోనారా పాపం!" ఫోన్ పెట్టేశాడు. కాసేపటికి బుకింగ్ రద్దయింది.

ఎల్లాజీ ఏలకులు దంచి టీ పెట్టాడు. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని, ఒక మంచి కుర్రాణ్ని అబద్ధాలతో తరిమినందుకు కాస్త సిగ్గుపడుతూ, కాస్త సంతోషపడుతూ తాగారు. గది ఖాళీ అయిందని ఇద్దరికీ తెలుసు. ఖాళీ అయినదాన్ని యాప్‌లో మూసెయ్యాలని ఇద్దరికీ తెలీదు. గ్లాసులు సగం కూడా కాకుండానే ఫోను టింగుమంది. మురళీమోహన్. ఒక గది. రథసప్తమి.

నరసింగరావు మళ్ళీ మేనేజరయ్యాడు. నల్లుల దగ్గర మొదలుపెట్టాడు. "నల్లులా?" అన్నాడు మురళీమోహన్ ఉత్సాహంగా. "ఎలాంటివి? చిన్నవా, పెద్దవా? మీరు మందు కొట్టకండి. నేనొచ్చి ఫోటోలు తీసి రివ్యూలో పెడతాను." నరసింగరావు నీళ్ల దాకా కూడా వెళ్లకుండా నమస్కారం చెప్పి పెట్టేశాడు.

మురళీమోహన్ విజయనగరంలో బీమా ఆఫీసులో పనిచేస్తాడు. రివ్యూలు రాయడం ఆయన వ్యసనం. లాడ్జీలకే కాదు, బస్టాండులకి, చెరుకురసం బళ్లకి, ఒకసారి మామగారింటికి కూడా స్టార్లిచ్చాడు. మామగారికి రెండే వచ్చాయి. రథసప్తమికి ముందురోజు మధ్యాహ్నం ఆయనా భార్య దుర్గాభవానీ దిగారు. దిగగానే ఆయన మందారాన్ని, మెట్లని, మెట్ల మీద ఎల్లాజీని ఫోటో తీశాడు. గదిలో పరుపు నొక్కలేదు, దిండు వాసన చూడలేదు, కుళాయి తిప్పలేదు. మంచం కిందికి ఫోను పెట్టి అక్కడ కూడా తీశాడు.

"గూట్లో ఇత్తడి చెంబు కూడా ఉంది, గుడ్" అన్నాడు. "ఇది కాంప్లిమెంటరీ యేనా?"

అంటే ఏమిటో నరసింగరావుకి తెలుసు. కాదని చెప్పాలని కూడా తెలుసు. కాని నోట్లోంచి "సరే" అన్న మాటే వచ్చింది.

నరసింగరావూ ఎల్లాజీ కలిసి కౌంటరు వెనక ఆయన ఉండే గది కడిగారు. లక్ష్మణమ్మకి అదే ఇవ్వాలి. అక్కడ ఈశ్వరి పటం ఉంది. ఆ పటం ముందు నిలబడి నరసింగరావు దుప్పటి మూడుసార్లు పరిచాడు. ఏ మూల లాగినా అది మూడో గది అవడం లేదు.

సాయంత్రం ఆటో వచ్చింది. ముందు దాని మీద మూటకట్టిన చేపలవల కనిపించింది. తరవాత వేపకొమ్మలు, నీళ్ల డబ్బాలు, వాటి మధ్య లక్ష్మణమ్మ. వెనకాల ఆవిడ తమ్ముడు నూకయ్య, మందు కొట్టే పంపు వీపుకి తగిలించుకున్న ఒక కుర్రాడు.

"రా అప్పా" అన్నాడు నరసింగరావు, సొంత అక్కని పిలిచినట్టు.

లక్ష్మణమ్మ ఆటో దిగింది. దగ్గరికొచ్చి ఆయన కళ్లలోకి పరీక్షగా చూసింది. "నన్ను పోల్చినాడు" అంది నూకయ్యతో, "ఇంకా అంత ముదర్నేదు." ఆయన్ని భుజాలు పట్టి కుర్చీలో కూలేసి, కొంగులోంచి సీసా తీసి, చలవనూనె గుప్పెడు పోసి మాడు మీద టపటపా కొట్టింది.

"అప్పా, ఏమిటిది?"

"మాటాడకు. వేడికి మాటలే ముందొస్తాయి." ఆవిడ కళ్లు తుడుచుకుంది. "ఈశ్వరమ్మ పోయిన కాణ్ణించి పువ్వుల్తో మాటాడతన్నావంటగా. ఒక్క కబురంపకూడదా రా తమ్ముడా? మా సిన్నోడు ఈ యేడు నాకు తెలీకుండా పోన్లో గది తీసినాడు, మామ్మ రష్షులో నిలబడకుండా ఉంటాదని. మీ మేనేజరంట, ఎవుడో మంచోడు, ఉన్నదున్నట్టు సెప్పీసినాడంట. నల్లులంట, నీళ్లు నేవంట, ఫేను పడిపోద్దంట. సిన్నోడు బయపడి వేరే కాడ తీసినాడు. నానన్నాను, ఒరే, ఆడికి మతిపోతే నాను ఇంకోడి లాడ్జిలో ఎలగ పడుకుంటాన్రా అని."

పంపు తగిలించుకున్న కుర్రాడు నమస్కారం పెట్టాడు. "బాబీ అండి. కొత్తవలస రైల్వేలో చేస్తన్నాను. మేనేజర్ గారు నేరాండి?"

నరసింగరావు నోరు తెరిచాడు. నూనె పెదాల మీదికి జారింది. మళ్ళీ మూశాడు. ఎల్లాజీ అప్పటికే మందారం వెనక్కి వెళ్లిపోయాడు.

ఈలోగా నూకయ్య వల భుజాన వేసుకుని, ఏటా వచ్చే దారే కాబట్టి, తిన్నగా మూడో గదిలోకి నడిచాడు. వెనకే బాబీ వెళ్లాడు. లోపల్నుంచి దుర్గాభవాని కేక వినిపించింది. అందరూ అటు పరిగెత్తారు.

నూకయ్య స్టూలెక్కి ఫ్యాను కింద వల కడుతున్నాడు. "సొరసేపనే ఆపీనాది, ఫేనెంత" అంటున్నాడు. బాబీ మంచం కింద దూరి మందు కొడుతున్నాడు. దుర్గాభవాని మంచం ఎక్కి చీర కుచ్చిళ్లు పైకెత్తి నిలబడి ఉంది. మురళీమోహన్ చెంబెత్తి నీళ్లు తాగుతూ మధ్యలో ఆగిపోయాడు.

"నా సెంబు!" అంది లక్ష్మణమ్మ.

"ఇది కాంప్లిమెంటరీ అండీ."

"అంటే ఏటి?"

"అంటే గదితో పాటు ఊరికే ఇచ్చేది."

"నా సెంబు నువ్వెవడివి ఊరికే తీసుకోడానికి?"

"అమ్మా, నల్లులంటే నేను భయపడలేదు" అన్నాడు మురళీమోహన్, "కాని ఈ ఫ్యాను సంగతేమిటి? ఈ వలేమిటి?"

"పడిపోద్ది బాబూ. నీళ్లు కూడా రావు. ఓనరుకి మతి నేదు. ఇగో, నూనె రాస్తన్నాం."

మురళీమోహన్ నరసింగరావు తలకేసి చూశాడు. నూనె చెవుల మీంచి చొక్కా మీదికి కారుతోంది. "భవానీ, సామాను సర్దు" అన్నాడు. "మనం వెళ్లిపోతున్నాం. ఇది రాసేస్తాను."

నరసింగరావు గుమ్మంలో నిలబడిపోయాడు. నోరు మూసుకుంటే చాలు. ఆయన వెళ్లిపోతాడు, గది ఖాళీ అవుతుంది, ఇప్పుడే లక్ష్మణమ్మని దీంట్లో దింపెయ్యవచ్చు, ఈశ్వరికిచ్చిన మాట నిలబడుతుంది. ఇంతకన్నా సులువు ఇంకేముంది? కాని మంచం కిందినుంచి బాబీ కాళ్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. లేని నల్లుల కోసం ఆ కుర్రాడు మూలమూలా మోకాళ్ల మీద పాకుతున్నాడు. డెబ్బై ఏళ్ల ఆవిడ ఎక్కడో సముద్రపొడ్డు నుంచి నీళ్లు మోసుకొచ్చింది.

"వద్దు" అన్నాడు నరసింగరావు.

ఆ మాట ఆయన నోట ఎవరూ విన్నది కాదు. మందారం వెనక ఎల్లాజీ కూడా తల బయటికి పెట్టాడు.

"వెళ్లొద్దు మురళీమోహన్ గారూ. నల్లుల్లేవు. నీళ్లు శుభ్రంగా వస్తాయి. ఫ్యాను కదలదు. మేనేజరూ లేడు. ఆ మేనేజర్ని నేనే." ఆయన బాబీ కాళ్లకేసి చూస్తూ చెప్పాడు. "అప్పకి గది మిగల్చాలని, ఎవరో తెలీక, ఈ అబ్బాయిని అబద్ధాలతో తరిమేశాను. తరిమేసి, గది మళ్ళీ మీకమ్మేశాను. అదీ తెలీకే."

బాబీ మంచం కిందినుంచి తల మాత్రం బయటికి తెచ్చాడు. "ఫేను కూడా అబద్దమేనా సార్?"

"అబద్ధమే నాయనా."

"మరి పిచ్చి?" అంది లక్ష్మణమ్మ.

"అదీ లేదప్పా."

లక్ష్మణమ్మ ఆలోచించింది. "ఉన్నాది" అని తేల్చింది. "నా గది నాకియ్యడానికి నన్నే ఎలగొట్టీసినోడికి పిచ్చి నేకపోతే ఇంకేటుంటాది?" ఇంకో గుప్పెడు నూనె పోసి మాడు మీద కొట్టింది. ఈసారి కొడుతూ నవ్వింది. ఆ నవ్వుకి మంచం మీద దుర్గాభవాని కూడా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కూలబడింది.

"ఈ రాత్రి ఎవరు పడుకుంటారండీ?" అంది తేరుకుని. "అందరం దర్శనం లైన్లోనే కదా. గది సామానుకీ స్నానానికీ. నేనూ మామ్మగారూ ఇక్కడుంటాం. మగవాళ్లు డాబా ఎక్కండి."

"కాని బుకింగ్ నా పేరు మీదుంది" అన్నాడు మురళీమోహన్.

"అయితే మీ పేరు ఇక్కడ పెట్టి మీరు పైకెళ్లండి."

లక్ష్మణమ్మ ఆయన చేతిలోంచి చెంబు తీసుకుంది. తీసుకుని, ఆయన మొహం చూసి, మిగిలిన నీళ్లు తాగమని మళ్ళీ ఇచ్చింది.

మర్నాడు పొద్దున్న ఎండ డాబా మీదికి ఏటవాలుగా వచ్చేసరికి జిల్లేడాకుల స్నానాలై, దర్శనాలై, ఎల్లాజీ పిడకల మీద పరమాన్నం దింపుతున్నాడు. మురళీమోహన్ తెల్లవారుజామున గుడినుంచి వచ్చి మిగిలిన వల ముక్కని దిండులా మడిచి పడుకున్నాడు. కుడి చెంప నిండా వల గళ్లు అచ్చుపడ్డాయి. ఆ చెంపతోనే మూడుసార్లు పరమాన్నం వేయించుకున్నాడు. బాబీ నరసింగరావుని పిలిచినప్పుడల్లా "మేనేజర్ గారూ" అనే పిలిచాడు, నరసింగరావు ప్రతిసారీ పలికాడు. ఎల్లాజీ ఫ్యాను కింద వల విప్పబోతే ఒక్క ముడి కూడా లొంగలేదు. నూకయ్య చూసి, "నా ముడి నానే ఇప్పాల. పైయేడొచ్చి ఇప్పుతాను" అని ఆటో ఎక్కేశాడు.

సాయంత్రానికి రివ్యూ వచ్చింది. ఎల్లాజీ చదవమన్నాడు.

"నాలుగు స్టార్లు. నల్లులున్నాయని యజమాని హామీ ఇచ్చారు, ఎంత వెతికినా కనిపించలేదు. ఫ్యాను కింద చేపలవల ఉంది, చెప్పిన కారణం సంతృప్తికరంగా లేదు. యజమాని తలకి నూనె ఎక్కువ. పరమాన్నం బాగుంది. చెంబులో నీళ్లు చాలా చల్లగా ఉన్నాయి. చెంబు వెనక్కి తీసుకున్నందుకు ఒక స్టార్ తగ్గించాను."

"బాగానే రాసినాడు" అన్నాడు ఎల్లాజీ.

నరసింగరావు మూడో గది తాళం వెయ్యడానికి వెళ్లాడు. గూట్లో చెంబు ఎప్పటి చోటే ఉంది. దాని పక్కన ఒక స్టీలు టిఫిన్ డబ్బా, మూత మీద దుర్గాభవాని పేరు చెక్కి ఉంది. వెంటనే ఫోన్ చేశాడు. "అమ్మా, డబ్బా మర్చిపోయారు."

"మర్చిపోలేదండీ" అంది దుర్గాభవాని. "పైయేటికి."

ఆయన రెండింటినీ కాసేపు చూసి, డబ్బాని చెంబుకి తగలకుండా కొంచెం పక్కకి జరిపి, మళ్ళీ ఎందుకో దగ్గరికే జరిపాడు. బయటికొచ్చి మందారానికి నీళ్లు పోస్తుంటే జేబులో ఫోను టింగుమంది. మగ్గు కింద పెట్టి, కళ్లద్దాలు సర్దుకుని చదివాడు.

"మీ లాడ్జిలో చేపలవల ఉందని అతిథులు చెబుతున్నారు. చేపలు పట్టే సౌకర్యం కూడా చేర్చమంటారా?"

ఎంత మర్యాదగా అడిగిందో! నరసింగరావు బొటనవేలు నెమ్మదిగా లేచింది.

"బావూ!" అని డాబా మీంచి ఎల్లాజీ అరిచాడు. "ముందు ఆ ఏలు తియ్యండి!"